ఊడిన నెంబరు

టెక్కలి సంతలో బండికి స్టాండేశాను.
టోకెన్ల కుర్రోడు వెనక్కెళ్లి నవ్వాడు:
"ఏటి మావా, నీ బండికి పేరు లేదేటి?"

ఒంగి చూశాను. రెండు బొక్కలు.
ఒకదాంట్లో సగం బోల్టు,
పుచ్చిన పన్నులా.

పన్నెండేళ్లు చేపల పెట్టెలోంచి
ఉప్పునీరు బొట్టు బొట్టుగా అక్కడే కారింది.
పడవ అమ్మేసి ఒడ్డెక్కానని
నా మీద కోపం పోలేదు సముద్రానికి.

స్టేషన్లో రైటరు తలెత్తకుండా అడిగాడు,
"నెంబరెంత?"
ఏపీ ముప్పై అన్నాను. అది జిల్లాకంతటికీ ఒకటే.
ఆ తర్వాత నోరు తెరిచి నిలబడిపోయాను.
కోనం ఎన్ని బారల లోతున తిరుగుద్దో చెప్పగలను,
ఏ తిథికి ఎంత పోటో చెప్పగలను,
రోజూ నా వెనకే వచ్చిన నాలుగంకెలు
చెప్పలేకపోయాను.

కాగితాలు ఫైనాన్సులో ఉన్నాయి.
ఫైనాన్సు తవిటినాయుడు
మూడు నెలలుగా నన్ను వెతుకుతున్నాడు.
నేనే ఫోను చేశాను.
మొదటి రింగుకే ఎత్తాడు.
తడుముకోలేదు, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు.
"సచ్చినా మర్సిపోను దానయ్యా,
ఆ నెంబరు కోసం ఎన్ని సందులు తిరిగేనో!"
లోకంలో నన్ను కంఠతా పట్టినవాడు
ఒక్కడున్నాడు.

"ఎక్కడ పడిపోయింది?"
"తెలిస్తే ఏరుకుందును కదా బావూ."
రైటరు నావైపు ఓసారి చూసి
'గుర్తు తెలియని స్థలంలో' అని రాసుకున్నాడు,
శవం గురించి రాసినట్టు.

కొత్తది వచ్చింది.
ఎండకి రంగులు మారే చక్రం బొమ్మ,
ఊడదీయడానికి వీల్లేని మేకులు.
"ఇంక కోస్తే తప్ప రాదు" అన్నాడు బిగించినోడు.
ఉప్పుతో వాడికి పరిచయం లేదు.
పాతదాని మూలన పెయింటరు అప్పలసూరి
అడక్కుండానే ఓ చిన్న చేప గీశాడు.
కొత్తదాని మీద అలాంటివి కుదరవంట.

వానలు తగ్గాక నౌపడలో
ఉప్పుమళ్ల పక్కన ఓ పాక ముందు ఆగాను,
మంచినీళ్ల కోసం.
కోళ్లగూటికి తలుపు:
ఏపీ ముప్పై, నాలుగంకెలు, మూలన చేప.
లోపల పెట్ట పొదుగులో ఉంది.

నీళ్లిచ్చిన ముసలామె నా చూపు పట్టింది.
"రోడ్డు మీద దొరికినాది. నీదేటి బావూ?"
నా బండి వెనక్కి తిరిగి ఉంది, నయమే.
"కాదప్పా" అన్నాను.
"ముంగిస బెడద. అదడ్డెట్టినప్పట్నుంచీ
ఒక్క పిల్ల పోనేదు."

సాయంత్రం తవిటినాయుడు ఫోను.
వాయిదా సంగతి చివర్లో తీశాడు,
ముందు మర్యాదకి అడిగాడు:
"నెంబరు దొరికినాదేటి?"

"రెండు దొరికేయి" అన్నాను.