ఏడో నంబరు రూటు

ఆర్లిస్ ట్వైట్‌కి ఈ లోయలో మ్యాపు అక్కర్లేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఏడో నంబరు స్కూలు బస్సు నడిపింది.
ఏ గేటు దగ్గర మంచు ముందు పేరుకుంటుందో,
ఏ ఇంటి పిల్లాడు ఖాళీ కడుపుతో ఎక్కేవాడో,
ఏ కుక్క మొరుగుతుందో, ఏది మొరక్కుండా కరుస్తుందో
అన్నీ ఆమెకు తెలుసు.

ఇప్పుడు బస్సు లేదు. నా పికప్ ట్రక్కుంది.
నేను నడుపుతాను, ఆమె దిగుతుంది.
ముందు చేతికర్ర,
తర్వాత చిప్ప మార్పించుకున్న మోకాలు,
ఆ తర్వాత గుండెకు ఆనించుకున్న కాగితాల అట్ట.

కౌంటీ వాళ్ళు వృద్ధుల ఆశ్రమాన్ని అమ్మేస్తున్నారు.
మొక్కజొన్న చేల మధ్య ఇటుక కట్టడం, ఎనభై మంచాలు.
మా తాత తన చివరి చలికాలమంతా
అక్కడి కిటికీలోంచి పక్క డెయిరీ ఆవుల్ని లెక్కపెట్టాడు.
నలభై రెండు. ఒకటి తగ్గితే నర్సుని కేకేసేవాడు.
కొనే కంపెనీది ఏదో దూరపు రాష్ట్రం.
లెక్కపెట్టడం వాళ్ళకీ వచ్చు,
ఆవుల్ని కాదు.

మొదటి సమావేశం లూథరన్ చర్చి నేలమాళిగలో.
ఇరవై కుర్చీలు వేశాను. ఐదుగురొచ్చారు.
అందులో ఒకాయన ఇంకేదో మీటింగనుకుని వచ్చి
కాఫీ బావుందని ఉండిపోయాడు.
నేను కాలేజీ నుంచి మోసుకొచ్చిన కరపత్రంలో
'ప్రైవేటీకరణ' అన్న మాట మీద ఆర్లిస్ వేలు ఆగింది.
"ఇది ఎవరింటి పేరు?"
కొట్టేసి, పైన పెన్సిల్‌తో రాసింది:
రాత్రి రెండింటికి మీ అమ్మకు మంచినీళ్ళు ఎవరిస్తారు?

డెల్మర్ హౌగన్ కౌంటీ బోర్డు మెంబరు.
అతని ముంగిట్లో అవతలి పార్టీ జెండా,
తెరచాపంత.
నేను ఇంజను ఆపలేదు. ఆమె దిగింది.
తలుపు తీశాడు, చూశాడు, ముఖం మీదే వేశాడు.
ఆమె కదల్లేదు. ఆ చెక్కతోనే మాట్లాడింది.
"డెల్మర్, రెండో తరగతిలో నువ్వు నా బస్సులో కక్కుకుంటే
నా రుమాలుతో నీ మూతి తుడిచాను.
ఓటు కోసం గుర్తుచేయడం లేదు.
రుమాలు నువ్వింకా తిరిగివ్వలేదు."
లోపల టీవీ గొంతు కాస్త తగ్గింది.
అంతే. వచ్చి కూర్చుంది.
"తర్వాత యోహాన్సన్ వాళ్ళిల్లు," అంది, "గుంత చూసుకో."

అక్టోబరంతా అలాగే. నాలుగు వందల గడపలు.
కొన్నిచోట్ల గుమ్మడికాయలిచ్చారు, రెండుచోట్ల తిట్లు,
ఒకచోట ఒక ముసలాయన గంటసేపు
చనిపోయిన భార్య గురించి చెప్పి
సంతకం పెట్టడం మర్చిపోయాడు.
ఆర్లిస్ గుర్తుచేయలేదు.
నాకు కోపమొచ్చింది. ఇప్పుడు లేదు.

బోర్డు విచారణ రోజు మనిషికి మూడు నిమిషాలు.
పా న్యా యాంగ్ సంతలో గుమ్మడికాయలు దించి నేరుగా వచ్చింది,
గోళ్ళ నిండా మట్టి.
పగలు సేద్యం, రాత్రి ఆ ఆశ్రమంలో డ్యూటీ.
మైకు ఎత్తు సరిపోలేదు, కాలివేళ్ళ మీద నిలబడింది.
"ఈ కాగితంలో ఒక ప్రశ్న ఉంది.
రెండింటికి నీళ్ళు నేనిస్తాను.
హౌగన్ గారూ, మీ అమ్మ నిమ్మచుక్క పడితేనే తాగుతుంది."
ఇంకా రెండున్నర నిమిషాలు మిగిలాయి.
వాటిని వాడుకోకుండా వెళ్ళి కూర్చుంది.

ఓడిపోయాం. పదకొండు, పది.
ఆ పదిలో డెల్మర్ చెయ్యి ఉంది,
పైకెత్తినప్పుడు దాన్ని తనే నమ్మలేనట్టు చూసుకున్నాడు.

తిరిగొస్తుంటే ట్రక్కులో హీటర్ తప్ప ఎవరూ మాట్లాడలేదు.
కొండ దిగాక ఆర్లిస్ అట్ట తిరగేసి
వెనకవైపు పేర్లు రాయడం మొదలుపెట్టింది.
"ఏప్రిల్లో ఎన్నికలు. ఆ పదకొండు మందిలో
ఏడుగురు నా బస్సెక్కినవాళ్ళే."

రైలు పట్టాల దగ్గర ఆపమంది.
ఆ దారిన రైలు రాక పన్నెండేళ్ళు.
పట్టాల మధ్య ముళ్ళతుప్పలు నడుమెత్తున లేచాయి.
అయినా తన వైపు తలుపు తీసి
చలిలోకి చెవి ఒగ్గి, బస్సు నిండా పిల్లలున్నట్టు
రెండు వైపులా వింది.
"పోనీ," అంది.