ఎల్బో ఖరీదు

పాతపట్నంలో ఎల్బో పద్దెనిమిది రూపాయలు.
మహేంద్రతనయ దాటి
పర్లాకిమిడిలో నా సంచీ విప్పేసరికి
ఇరవై అయిదు.

మధ్యలో ఈ ఏడు ఎక్కడ పుట్టిందని
పాణిగ్రాహి మాస్టారు అడిగారు నిన్న.
రిటైరైన లెక్కల మాస్టారు.
కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి
నా ఎస్టిమేటు మీద పెన్సిలు ఆనించి
ఒక్కో అంకె దగ్గరా ఆగారు,
ఎక్కం తప్పు చెప్పిన పిల్లాణ్ణి
బెంచీ ఎక్కించినట్టు.
సామాన్ల పేర్లు తెలుగులో రాస్తాను,
ఆయనకి చదవడం రాదు.
ధరలు ఇద్దరికీ వచ్చు.

"షాపు బిల్లు ఏదీ?" అన్నారు.

బిల్లు జేబులోనే ఉంది,
చెమటకి మెత్తబడి, నాలుగు మడతల్లో.
తియ్యకపోతే దొంగనవుతాను.
తీసినా అంతే.

ఏమని చెప్పను?
కొంచాడ సెట్టి అప్పు పదిహేను రోజులే,
మీరిచ్చేది గృహప్రవేశం అయ్యాక అనా?
వానలో బండికి పైపులు కట్టుకొస్తుంటే
రైలు గేటు దగ్గర జారిపడి
చిట్లిన రెండు ముక్కలు
ఇంకా మా పెరట్లో చిక్కుడుపాదు మోస్తున్నాయనా?
రాత్రి పదకొండుకి మీ మేడ మీద నీళ్ళు కారితే
ఫోను మోగేది సెట్టి ఇంట్లో కాదనా?
ఇవేవీ పైపు మీద అచ్చువేసి ఉండవు.

నాకు పని నేర్పిన కూర్మయ్య
ఆరిపోయిన బీడీ నోట్లోంచి తియ్యకుండానే అనేవాడు:
"కూలి ఎంతని చెప్పినా సగానికి అడుగుతారు.
సామాను ధర చెప్పు, నోరెత్తరు.
ఇనుముకున్న మర్యాద చేతికి నేదురా."

అందుకే చేతిని సామాన్లో దాస్తాం.
కుళాయిలో కొంత, వాల్వులో కొంత.
ఎల్బో అంటే మోచెయ్యే కదా,
అందులో నాది ఏడు రూపాయలంత ఉంది.

దాచడం మరిగాక
చెయ్యి తెలియకుండానే పొడుగవుతుంది.
కాశీనగరంలో ఒక లాడ్జీకి
పద్నాలుగు నాసిరకం కుళాయిలు బిగించి
మంచి కంపెనీ ధర వేశానొకసారి.
ఆ డబ్బుతో కొన్నదే ఈ డ్రిల్లు మిషను.
గోడలోకి దిగేటప్పుడు
ఉండాల్సిన దానికంటే ఎక్కువ అరుస్తుంది.
నాకలా అనిపిస్తుందేమో.

అటు మొన్న గురమ్మ ఇంట్లో పని.
భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చి
సంతలో అమ్ముతుంది.
నా కాగితం మనవరాలి చేత చదివించుకుని
"నీకెంత పడింది బాబూ ఇది?" అంది.
ఎందుకో, నిజం చెప్పేశాను.

"ఏడు రూపాయలేనేటి?
దారిలో తడిసినవి, పిల్లి ఎత్తుకుపోయినవి,
కొసరని గుప్పెడు తీసుకున్నోళ్ళవి,
అవన్నీ నా మెత్తళ్ళ ధరలోకి ఎక్కవేటి?
నీకు సాల్తాదేటి ఏడు?"

సామాను మీద పైసా తగ్గించలేదు.
కూలి దగ్గరికొచ్చి మూడొందలు కోసేసింది.
వెళ్ళేటప్పుడు
గుప్పెడు మెత్తళ్ళు పొట్లం కట్టి ఇచ్చింది.
ఇంటికెళ్ళి విప్పితే
ఆ కాగితం నా ఎస్టిమేటే.

మాస్టారు ఇంకా చెయ్యి చాపే ఉన్నారు.
మడతలు విప్పి బిల్లు పెట్టాను.
పెన్సిలు అడిగి తీసుకుని
నా కాగితంలో ఇరవై అయిదు కొట్టేసి
పద్దెనిమిది వేశాను.
ఇరవై నాలుగు ఎల్బోలు.
అడుగున ఎప్పుడూ రాయని వరస ఒకటి రాశాను:
నా మోచెయ్యి, నూట అరవై ఎనిమిది.

"ఇదేమిటి?" అన్నారు.
చదివి చెప్పాను.

నవ్వుతారనుకున్నాను.
కళ్ళద్దాలు పైకి తోసుకుని
గుణకారం సరిచూసుకున్నారు. సరిపోయింది.
తలాడించి,
పెన్సిలు మళ్ళీ ఆ అంకె మీదే ఆనించి
మెల్లగా అన్నారు:

"నూట అరవై ఎనిమిది ఎందుకయ్యా,
వంద చెయ్యి."