కాగితం మీద టేకుచెట్లు

చిత్తూరు ఐటీఐలో, ఫిట్టర్ క్లాసులో
శనివారం మూడింటికి నాకొక పీరియడ్ ఇచ్చినారు.
ముప్పై ఒక్కమంది పిల్లోళ్ళు.
రెండు ఫ్యాన్లు, తిరిగేది ఒకటే.

నేనేం పెద్ద చదువులు చదివినదాన్ని కాదు.
పోస్టాఫీసు ఆర్‌డీ ఏజెంటుని, మొగిలీశ్వరిని.
చర్చివీధి పూలంగళ్ళ నుంచి బజారువీధి ఇనప కొట్ల దాకా
నా చెప్పులెరగని గడప లేదు.

బోర్డు మీద లెక్కలేమీ రాయలేదు.
సంచిలోంచి ఒక బాండు తీసినా,
ల్యామినేషన్ చేయించి దాచుకున్నది.
పచ్చ సిరా, నాలుగు మూలలా నాలుగు టేకుచెట్లు.

"ఇది నా అడవి" అన్నా.
"పెళ్ళయిన కొత్తలో గాజులు కుదవబెట్టి
ఆరు చెట్లు కొన్నా.
ఇరవై ఏళ్ళకు చెట్టుకు లక్ష అన్నారు.
నా అడవిని చూసుకుందామని ఒకతూరి బస్సెక్కి పోతే
ఆ సర్వే నంబరులో బండలుండాయి.
బండ మీద ఒక మేక.
అది నన్ను చూసింది, నేను దాన్ని చూసినా."

అందరూ నవ్వినారు. నవ్వాలనే చెప్పినా.
కిటికీ పక్కనోడు నవ్వలేదు.

బెల్లు కొట్టినాక వచ్చినాడు, హేమాద్రి.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
ఎండాకాలమంతా నైటు డ్యూటీ చేసినాడు.
సొనకు పొక్కిన వేళ్ళు ఇంకా మానలేదు.
ఆ వేళ్ళతోనే ఫోను చూపించినాడు.

"ఊరికే లైకులు కొట్టమన్నారక్కా.
మొదటిరోజు నూటయాభై పడింది.
రెండోరోజు ఏడొందలు.
మూడోరోజు నుంచి నేనే కట్టడం మొదలుపెట్టినా."
ఇరవై ఆరువేల నాలుగొందలు.
నైటు డ్యూటీలన్నీ.

"ఇంట్లో తెలుసునా?"
చెప్పు బొటనవేలితో నేల గీకినాడు.
"ఇంకో ఎనిమిదివేలు కడితే
మొత్తం వెనక్కొస్తుందంట."

అంట.
నా ఆరు టేకుచెట్లూ
ఆ ఒక్క మాటలోనే పెరిగినాయి నాయినా.
అన్నదెవురో కనపడరు,
విన్నది మాత్రం మనమే.

ఆ ఎనిమిదివేలు ఆపించినా.
అక్కడే నిలబెట్టి పంతొమ్మిది ముప్పైకి ఫోను చేయించినా.
సాయంత్రం టూటౌన్ స్టేషన్లో
బెంచీ మీద ఇద్దరం రెండు గంటలు.
"దొరుకుతుందా అక్కా?"
"తెలీదు" అన్నా.
తెలీదు అనేవాళ్ళు వాడికి
ఈ మధ్య ఎవరూ తగల్లేదు కాబోలు,
నా పక్క కాస్త జరిగి కూర్చున్నాడు.

టీ తాగుతూ మా తమ్ముడి సంగతి చెప్పినా.
బంగారుపాళ్యం దగ్గర తోతాపురి అంట్లు పెట్టినాడు.
మొదటి మూడేళ్ళూ పూత వస్తే గిల్లేస్తాడు.
గిల్లేటప్పుడు వాడి మొహం చూడలేము.
నాలుగో ఏడు కొమ్మకు బలమొస్తుంది,
కాయను మోస్తుంది.
నాటినరోజే కాయ చేతిలో పెట్టే చెట్టుంటే
అది ఎవురిదో వేరే చెట్టు కాయ,
నీకు ఎర.

"అంటును నమ్మాల, అంటను కాదు" అన్నాడు వాడే.
నాకు తట్టలేదు ఆ మాట, ఇన్నేళ్ళూ.

నెలకు వంద రూపాయలతో ఆర్‌డీ కట్టినాడు.
ఎర్రపుస్తకంలో వాడి పేరు రాస్తుంటే
వంద చిన్నదని సిగ్గుపడినాడు.
చర్చివీధి పూలమ్మి కూడా
వందతోనే మొదలుపెట్టిందిలే అన్నా.

తర్వాతి శనివారం ముందు బెంచీలో ఎవడో లేచి
"మా ఫ్రెండుకు నెలలో డబుల్ అయిందంట" అన్నాడు.
వెనకనుంచి హేమాద్రి "అంట!" అన్నాడు.
క్లాసు క్లాసంతా అందుకుంది.

రెండో ఫ్యాను ఇంకా తిరగడం లేదు.
వచ్చేవారం బాగుచేస్తారంట.