ట్రాము దోవ

సర్వే నంబరు నూట పదహారుకూ నూట పదిహేడుకూ నడుమ
పటంలో ఒక సన్నటి జంట గీత.
చెదలు తిన్న అంచు దగ్గర మొదలై
చెరుకు కయ్యల్ని చీల్చుకుంటా నీవా ఏటి దాకా పోతుంది.
పక్కన వాలురాత: ట్రాము దోవ.

రోవరుకు సిగ్నలు అందలేదు. గొలుసు తీసినాము.
ఈ గట్టున అన్న, ఆ గట్టున తమ్ముడు;
జానెడు నేల కోసం నాలుగేండ్లుగా
ఒకరి గడప ఒకరు తొక్కనోళ్ళు.
"ఇక్కడ రైలేంది మేడమ్, నక్కలు తిరిగే మిట్టమీద?"
తమ్ముడు నవ్వినాడు. అన్న కూడా నవ్వబోయి,
ఇద్దరూ ఒకే మాటకు నవ్వకూడదని గుర్తొచ్చి ఆగినాడు.

వేపపుల్ల నములుతా వచ్చి కూర్చున్న మొగిలప్ప తాత
నవ్వలేదు.

"పెద్ద రైలు కాదు పాపా.
కాళ్ళు ఎడంగా పెడితే ఈ పాదం ఈ పట్టాకు, ఆ పాదం ఆ పట్టాకు.
ఇంజను ఎనుబోతంత.
దొరలు దానికేం పేరు పెట్టినారో, మేము కుంటెద్దు అనేవాళ్ళం.
మిట్ట ఎక్కలేక మూలగతా ఉంటే
టిక్కెట్టు కొన్నోళ్ళు గూడా దిగి తోసేవాళ్ళు.
వాన పడితే చక్రం ఉన్నచోటే తిరిగేది.
ముందు నడస్తా పట్టా మీద ఇసుక చల్లేది నా పని.
పదకొండేండ్లు నాకు. దినానికి రెండణాలు,
గానుగాడే నెలల్లో ఒక బెల్లం అచ్చు."

డ్రైవరు చెంగల్రాయులట.
బొగ్గు అయిపోతే చింతమొద్దులు, అవీ అయిపోతే చెనిక్కాయ పొట్టు,
ఏమీ దొరకని నాడు చెరుకు పిప్పి.
పిప్పి మండిన పొద్దు
పొగ గూడా పాకం వాసనేసేదట,
పిల్లోళ్ళు నోళ్ళు తెరుచుకోని వెంట పరిగెత్తేవాళ్ళట.
ఒకసారి నిప్పురవ్వ ఎగిరి
ఆండాళమ్మ ఆరేసుకున్న కోకకు బొక్క పడింది.
మిల్లోళ్ళు ముప్పావలా ఇచ్చినారు.
ఆమె గిల్టు కమ్మలు కొనుక్కుంది, కోక మాత్రం మార్చలేదు.
బొక్క కనపడేటట్టే కట్టేది,
రైలు ముట్టిన కోక అని.

"ఎప్పుడు మూసేసినారు తాతా?"
రిజిస్టరులో సంవత్సరం గడి ఖాళీగా ఉంది.

"మూసేసినామని ఎవురన్నా చెప్తే గదా.
చిత్తూరు మండీ నుంచి లారీ ఒకటి వచ్చింది.
మర్రోజు రెండు వచ్చినాయి.
ఒక బుధవారం బండి రాలేదు.
నేను తట్టెడు ఇసుక పెట్టుకోని
మిట్టకింద తొమ్మిది దినాలు కూర్చున్నా.
రావద్దని ఎవురూ చెప్పలేదు.
పదోనాడు మా నాయిన చెవి పట్టుకోని మడక దగ్గరికి తోలినాడు."

పట్టాలు మణుగుల లెక్కన పోయినాయి.
కొన్ని గొడ్లపాకలకు, కొన్ని బావి గిలకలకు.
ఒకటి ఈ అన్నదమ్ముల నాయిన కొన్నాడు, మిద్దె దూలానికి.
భాగాలప్పుడు నడిమింట్లో గోడ లేచింది గానీ
ఇనుము కోసేదానికి కూలి ఎక్కువడిగినారని
దూలాన్ని అట్లే వదిలేసినారు.
ఎండాకాలం పొద్దుగూకినాక అది చల్లారతా
టక్కుమంటుంది. ఆలోచించి మళ్ళీ టక్కుమంటుంది.
గోడకు ఆపక్క ఒకరు, ఈపక్క ఒకరు
పడుకోని వింటారు.
తాత ఈ మాట చెప్పినప్పుడు
తమ్ముడు గొలుసు దిక్కు చూసినాడు.

కొలిచినాము.
జానెడు ఇతనిదీ కాదు, అతనిదీ కాదు.
రాయి పాతేదానికి గుంత తవ్వితే
మూరెడు లోతున ఎర్రమన్ను ఆగిపోయి
తెల్లటి ఏటి ఇసుక వచ్చింది,
ఏరు ఇక్కడికి మూడు మైళ్ళు.
గడ్డపార పట్టిన మనిషి ఆగినాడు.

రిమార్కుల గడిలో ఏం రాయాలో
నాకింకా తెలియదు.
తాత లేచి, రాయి చుట్టూ ఆ ఇసుకనే పోసి
మడమతో అదిమి తొక్కినాడు.
మిట్ట దిగువకు చూసి
"జారదులే, రానీ" అన్నాడు.