ఒత్తుల్లేని ఊరు

దొరసామి సారు ఇన్‌స్టిట్యూట్‌లో సాయంత్రం ఆరు దాటితే
మూడో కంప్యూటరు మాది.
కరెంటు పోయేలోపల ఎంత ఊరు కడితే అంత ఊరు.

చెంగల్రాయుడు కోడు రాస్తాడు.
నేను గళ్ళ నోటుబుక్కులో చుక్కలు పెడతా,
అడ్డం పదారు, నిలువు పదారు.
ఆ చదరంలో ఒక మామిడిచెట్టు, ఒక బెల్లం బండి,
ఒక కుక్క. కుక్కకి నాలుగో కాలు పట్టలేదు.

జపాను ఆట మేము చూసింది ఒకటే,
ఇంతియాజ్ వాళ్ళ చిన్నాయన వేలూరు నించి తెచ్చిన సీడీలో.
అక్షరం ముక్క అర్థం కాలేదు. అయినా తెలిసిపోయింది:
ఎవరింట్లోకైనా దూరొచ్చు, కుండలో చెయ్యి పెట్టొచ్చు,
ఎవురూ తిట్టరు.
యుద్ధమంటే రేషనంగడి క్యూ,
నువ్వొకటి కొట్టి నిలబడు, వాడొకటి కొట్టేదాకా ఓపిక పట్టు.
లాడ్జిలో పది రూపాయలిచ్చి పడుకుంటే
పోయిన పానమంతా తెల్లారేసరికి వెనక్కొస్తుంది.

అట్లాంటిది తెలుగులో ఒకటి చేస్తామని కూచుంటిమి.

అక్షరాలూ నేనే గీస్తి.
అ నించి ఱ దాకా పదారు చుక్కల్లో ఇమిడినాయి.
ఒత్తులు ఇమడలేదు.
కింద చోటు లేదు. ఆ గీత దాటితే ఇంకో గడి,
అది వేరేవాళ్ళ నేల.

"వద్దులే, ఒత్తుల్లేని మాటలే వాడదాం" అన్నాడు.
వద్దులే అనే మాటే వాడలేమని అప్పుడే తెలిసింది.

చిత్తూరు పోయింది, నీవాపురం అని పెడితిమి.
కత్తి పోయి బాకు. నిద్ర పోయి కునుకు.
మా వీరుడు మునిరాజు ఇల్లు వదిలేటప్పుడు
అమ్మా అనలేడు, తల్లీ అనలేడు.
"జననీ, పోయి రానా" అంటాడు.
మా అవ్వ విని, "ఎవుర్రా వీడు, నాటకాలోడా" అనింది.

చివర పేర్లలో కుముద అని నేను నిండుగా ఉంటా.
తన పేరు తానే రాసుకోలేక
సి. రాయుడు అని సగమే నిలబడినాడు వాడు.

నిజం నీవాలో ఇసక, కంపచెట్లు.
మా నీవాలో రెండు నీలాలు మార్చి మార్చి వేస్తే
నీళ్ళు కదిలేవి.
నీళ్ళ మీద వంతెన. వంతెన కాడ ఒక ముసలాయన.
ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట:
"వారధి ఇంకా కాలేదు. రెండో భాగంలో రండి."

మొదటి భాగం ఉచితం.
రెండోదానికి యాభై రూపాయల మనియార్డరు, గ్రీమ్స్‌పేట అడ్రసుకి.
పదకొండు ఫ్లాపీలు పంచినాం,
రెండు బస్సు డ్రైవర్ల చేతికి కూడా ఇచ్చి.

ఒకటే వచ్చింది. పలమనేరు నించి.
కూపన్ మీద పెన్సిలుతో:
"వారధి అయిందా?"
ఢిల్లీబాబు, తొమ్మిదో తరగతి.

ముప్పై ఫ్లాపీలకి పోయె. ఇరవై దోసెలకి.
వంతెన అవతల ఏముందో మాకే తెలీదు.
వాడు కొండ అన్నాడు. నేను సముద్రం అన్నా.
సముద్రానికి ఒత్తుంది కదా అన్నాడు.
కడలి అన్నా.
ఆ పోట్లాట తెగకముందే సారు మిషన్లు అమ్మేసె,
వాళ్ళ నాయన మోటార్ల షాపులో ఇంకో జత చేతులు కావాల్సొచ్చె.

ముసలాయన నోట ఒక మాట చెప్పించి పంపుదామని
ఎన్ని గళ్ళు నింపినానో.
క్షమించండి, ఒత్తుంది.
మన్నించండి, ఒత్తుంది.
తప్పు కూడా ఒత్తే.
పొరపాటు ఇమిడింది గానీ అది పొరపాటు కాదు.
బాకీ మాత్రం హాయిగా ఇమిడిపోయింది,
రెండు గళ్ళు, అంతే.

ఢిల్లీబాబుకి ఇప్పుడు నలభై దగ్గర పడుంటాయి.
మునిరాజు ఇంకా ఆ వంతెన కాడే,
ఎడమ కాలు కుడి కాలు ఎత్తి దించుతా,
కదలకుండా నిలబెడితే ఆట చెడిందనుకుంటారని
నేనే గీసిన రెండు బొమ్మలు.

పోయిన నెల మా పంపుసెట్టు కాలిపోతే
మురకంబట్టు షాపుకి తీసకపోతి.
రాగితీగె చుడతా ఉన్నాడు, లెక్క తప్పుతుందని
పెదాలు కదిలిస్తా.
నూట పన్నెండు దగ్గర ఆపి,
తలెత్తకుండానే అడిగినాడు:

"కొండా, కడలా?"