ఆగమని రాయలేదు

టార్టూలో డిసెంబర్. మూడింటికే చీకటి.
వంటబల్ల మీద పదహారు మీటలు,
నాలుగు వరసలు, గోరంత చిప్పు.
టంకం పొగకి ఊర్మాస్ కళ్ళు మండుతున్నాయి.

మూడో వరసలో రెండో మీట నొక్కాడు.
నీలం వెలిగింది, స్వరం పలికింది.
వేలు తీశాడు. స్వరం పోలేదు.

మొదలుపెట్టమని రాశాడు గానీ
ఆగమని చెప్పే వాక్యం మరిచాడు,
రోజూ నలభై స్టాపుల్లో
బస్సు ఆపే మనిషి!

కింది వాటాలోంచి చీపురుకర్ర:
టక్. టక్ టక్.
హెల్విగారు. కోపమే, కాని తాళం తప్పలేదు.

మిడి తీగ పీకబోయిన చెయ్యి
ఇంకో మీట మీద వాలింది,
ఆ టక్‌టక్‌ల సందుల్లో, మెల్లిగా.

కాసేపటికి కర్ర ఆగింది.
అతనూ ఆగాడు.
ఆ పాత స్వరం ఒక్కటే సాగుతోంది.

మళ్ళీ కింది నుంచి,
ఒకే ఒక్కసారి:
టక్.