ఘాటు దిగనిది

చైత్రమాసం మెనూ రాయమన్నాడు చెఫ్,
ఏ కూరకి ఏ వైనో ఎదురుగా గీత గీసి.
బీచ్ రోడ్డు హోటల్లో పంతొమ్మిదేళ్లుగా
గ్లాసు కాడ పట్టుకోవడమే తప్ప
ద్రాక్షతోట చూసిన కళ్లు కావు నావి.
అయినా రాశాను.

మామిడికాయ పప్పుకి నాసిక్ తెల్లది:
పులుపు పక్కన పులుపు కూర్చుంటే
రెండూ కాస్త మర్యాదగా ఉంటాయి.
పనసపొట్టు ఆవకూరకి నురగ కక్కేది,
ఆవ ముక్కుకెక్కేలోగా
బుడగలెళ్లి దానికి చక్కిలిగిలి పెడతాయి.
కోనాం వేపుడికి నందికొండల గులాబీరంగుది.
వేపపువ్వు చారు దగ్గర కలం ఆగింది.
చేదుకి తోడెళ్లడానికి ఏ సీసా ఒప్పుకోలేదు.
‘మంచినీళ్లు’ అని రాస్తే
చెఫ్ కొట్టేశాడు.

చింతచిగురు రొయ్యపొట్టు ఎదురుగా మాత్రం
గీత గీసి వదిలేశాను.
దాని జోడీ నాకు తెలుసు.
అది సీసాలో ఉండదు.

మంగళవారం నా సెలవు.
జాలారిపేటలో నూకాలు తూచిన రొయ్యపొట్టు,
పూర్ణా మార్కెట్లో ఏరిన లేతచిగురు,
తెల్లారకముందే దగ్గరికి వేయించి
స్టీలు క్యారేజీలో సర్దింది మా ఇంటిది.
"కల్లు కోసం కూర మోసుకెళ్లే మనిషిని
నిన్నే చూస్తన్నాను" అంది.

కాంప్లెక్సులో నాలుగున్నర బస్సు.
చోడవరంలో తెల్లారింది,
మాడుగులలో హల్వా పొట్లాలు కిటికీలెక్కాయి,
వంట్లమామిడి మలుపుల్లో చెవులు మూసుకుపోయాయి.
నా ఒళ్లో సముద్రం, మూత బిగించి.
పక్కసీటు ముసలామె ముక్కెగరేసి
"రొయ్యపొట్టేటి?" అంది.
"ఔనమ్మా, చింతచిగురు కూడా."
"మరన్నమేదీ?"

వంతల బొంజుబాబు జీలుగుచెట్టు
పాడేరు దాటాక, ఊరి వెనక మెట్టలో.
తండ్రి నాటాడట, గీసేది ఇతను.
వెదురుగడ దిగి, కుండ దించి,
ముందు నేలకి రెండు చుక్కలు,
తర్వాత నాకు అడ్డాకు దొప్పలో.
కుర్రాళ్లకి నేను చెప్పే పాఠం గుర్తొచ్చింది:
రంగు చూడు, తిప్పు, వాసన పట్టు, నోట్లో ఆపు.
దొప్పని తిప్పితే మోచేతికి కారింది.
తాగేశాను.

పెదవి మీద తీపి.
గొంతు దిగేసరికి అందులో పులుపు కళ్లు తెరిచింది.
అప్పుడు చిగురు, అప్పుడు ఎండురొయ్య ఉప్పు.
పళ్ల కింద కరకరమన్న కడలిని
కొండ ఒక్క గుక్కలో లోపలికి తీసుకుంది.
పంతొమ్మిదేళ్లలో ఏ టేబుల్ దగ్గరా
నేను కళ్లు మూసుకోలేదు.

కళ్లు తెరిస్తే
బొంజుబాబు కూరే తింటున్నాడు,
కల్లు ముట్టకుండా, వేళ్లు నాక్కుంటూ.
"తాగవా?"
"ఇది రోజూ ఉన్నదే సార్.
సముద్రం రోజూ రాదు గదా."

చెఫ్ కోసం లీటరు సీసాలో పోసిమ్మన్నాను.
"ఘాటు దిగదు సార్" అన్నాడు.
వినలేదు.
మాడుగుల రాకముందే బిరడా ఎగిరి
కండక్టరు టిక్కెట్ మిషన్ని తడిపింది.
నాకు పడిన తిట్లన్నీ ఇక్కడ రాయను.
మిగిలిన సగం సాయంత్రానికి
చెఫ్ నాలుక మీద చుక్కయింది.
"వెనిగర్" అన్నాడు.
తప్పేం లేదు, అప్పటికది వెనిగరే.
సలాడ్లోకి పనికొస్తుందని ఫ్రిజ్‌లో దాచాడు.

మెనూ అచ్చయింది.
చింతచిగురు ఎదురుగా ఖాళీ అలాగే ఉంది.
"ఇక్కడేం లేదేంటి?" అంటారు అతిథులు,
నల్లకోటు నా వైపు చూసి.
"అచ్చుతప్పండీ" అంటాను.
ఎప్పుడో ఒకరిద్దరు
అన్నం వేలితో కలిపి, వాసన చూసి, ఆగుతారు.
వాళ్ల గ్లాసులో నీళ్లు పోస్తూ
గొంతు తగ్గించి
నాలుగున్నర బస్సు సంగతి చెబుతాను,
క్యారేజీ మూత గట్టిగా బిగించుకోమని కూడా.